తిరిగిరాని పొత్తిగుడ్డలు

పోయినవారం భాగంలో మిమ్మల్ని ఆసుపత్రి మీటింగు హాల్లో మూడో వరుసలో కూర్చోబెట్టి, నేను మాత్రం మధ్యలో లేచి వచ్చేశాను. ఏమనుకోకండి. ఇంకో నిమిషం కూర్చునుంటే అక్కడే అరిచేసేదాన్ని.

మరిచిపోయినవాళ్ళుంటే వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. నేను పెద్దాసుపత్రి గుడ్డల గదిలో కుట్టుపనిదాన్ని. పెళ్ళయి పదమూడేళ్ళు. పిల్లలు లేరు. పిల్లలు లేనివాళ్ళకి సర్కారు ఖర్చుతో చేసే వైద్యం మా ఆసుపత్రిలోనే ఉంది. ఒక్కొక్క జంటకి రెండుసార్లు చేస్తారు. మొదటిసారి చేయించుకున్నాను, నిలవలేదు. రెండోసారి కోసం లిస్టులో ముప్ఫై ఏడో నంబరు పట్టుకుని కూర్చున్నాను. నలభై నిండితే పేరు కొట్టేస్తారు. నాకు నలభై నిండడానికి ఇంకా ఎనిమిది నెలలుంది. ఈలోగా అసలు ఆ వైద్యానికి సర్కారు డబ్బు పెట్టాలా, వద్దా అని తేల్చడానికి పైనుంచి కమిటీ దిగింది. వద్దు అని ఆ కమిటీ ముందు నిలబడి చెప్పిందెవరు? నా తోడబుట్టిన అక్క. పసిపిల్లల వార్డు హెడ్ నర్సు.

ఆమె చెప్పడం అయ్యాక కమిటీ పెద్దాయన కళ్ళజోడు పైకి తోసుకుని అడిగాడు.

“ఆ లిస్టులో మీ ఇంటివాళ్ళెవరైనా ఉన్నారా సిస్టర్?”

అక్క తలెత్తి సూటిగా నా వైపే చూసింది.

“లేరండీ” అంది.

అక్కడ కదా ఆగాం. ఆ మాట విన్నాక నేనింక కూర్చోలేదు. తర్వాత అక్క ఇంకేం చెప్పిందో, వాళ్ళేం రాసుకున్నారో నాకు తెలీదు. మెట్లు ఎలా దిగానో కూడా తెలీదు.

మా అమ్మ ఒక మాట అనేది. “మా పెద్దదానికి అబద్ధం ఆడ్డం చేతకాదే. చెప్పలేనిదేమన్నా ఉంటే గోడకేసి చూస్తుంది, అంతే.” నిజమే. చిన్నప్పుడు నేను పగలగొట్టిన గాజు గ్లాసు సంగతి నాన్న అడిగినప్పుడు కూడా గోడకేసే చూసింది, తన్నులు తనే తింది. అలాంటి మనిషి యాభయ్యో ఏట అబద్ధం నేర్చుకుంది. అదీ నా మీదే మొదలుపెట్టింది. ఇంటికెళ్ళి మా ఆయనకి చెబితే, ఆయన కుంచెలు కడుక్కుంటూ, “మీ అక్క ఊరికే అనదులే” అన్నాడు. అంతే. ఇంకొకళ్ళ మొగుడైతే చొక్కా తగిలించుకుని పోట్లాటకి బయలుదేరేవాడు. నా కడుపు మంట ఆయనకేం తెలుసు అని అటు తిరిగి పడుకున్నాను.

తెల్లారి ఏడున్నరకి వచ్చి గది తలుపు తీశాను.

మా గది చూసినవాళ్ళు తక్కువ. లాండ్రీ వెనకాల ఉంటుంది. పక్కగోడ ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది, ఆవిరి యంత్రాలు అవతలే కాబట్టి. మూడు మెషిన్లు, రెండిటికి మోటారుంది, మూడోది కాలితో తొక్కేది. నాకు అదే ఇష్టం, నా మాట వింటుంది. కత్తెరని తాడేసి బల్లకి కట్టేశాం, లేకపోతే దానికి కాళ్ళొస్తాయి. కిటికీ ఎత్తులో ఉంటుంది, వీధిలో పోయేవాళ్ళ చెప్పులు తప్ప మొహాలు కనిపించవు. దుప్పట్లు, దిండుగలీబులు, ఆపరేషను గుడ్డలు అన్నీ కుడతాం గానీ, నా చేతికి ప్రాణం వచ్చేది పొత్తిగుడ్డలు కుట్టేటప్పుడే. పసిపిల్లల్ని చుట్టే మెత్తటి నూలు గుడ్డలు. మూరన్నర పొడవు, మూరన్నర వెడల్పు. పోయినేడు అక్క కబురు పెట్టింది, మూరకి మూర చిన్న సైజువి కూడా కావాలని. అవి కుట్టడం మొదలుపెట్టాక నాకు లోకం తెలిసేది కాదు. బొమ్మలకి కుట్టినట్టు ఉండేవి.

ప్రతి గుడ్డ మూలా ఎర్రదారంతో ఒక అడ్డగీత, దాని కింద రెండు చుక్కలు కుడతాను. పసిపిల్లల వార్డుదని లాండ్రీవాళ్ళకి తెలియాలిగా. ఆ గుర్తు నా సొంత తెలివి కాదు. మా ఆయన బోర్డులు రాసే పెయింటరు. ఏ బోర్డు రాసినా అడుగున కుడిపక్కన ఒక గీత లాగి కింద రెండు చుక్కలు పెడతాడు. సంతకం పెట్టమన్నా అదే. పెళ్ళయిన కొత్తలో, “మీ పేరేదండీ ఇందులో?” అంటే, “పేరెవడు చదువుతాడోయ్, చుక్కలు చూస్తే నేనని తెలిసిపోతుంది” అన్నాడు. అది నాకు నచ్చి గుడ్డల మీదికి తెచ్చుకున్నాను. ఈ ఆసుపత్రిలో పుట్టిన ప్రతి బిడ్డ మా ఆయన సంతకంలో చుట్టుకుని ఉంటుందని నాలో నేనే మురిసిపోయేదాన్ని.

నా సొరుగులో ఒక గుడ్డ విడిగా ఉండేది. చిన్న సైజుది, అంచు మడతలో కుట్టు కనపడకుండా చేత్తో కుట్టింది. అది ఎవరికోసమో మీకు చెప్పక్కర్లేదు. మా స్టోరు పెద్దాయన, మేమంతా లెక్కల తాత అంటాం, ఒకరోజు అది చూసి, “ఏమ్మాయ్, ఆలూ లేదు చూలూ లేదు...” అని మొదలుపెట్టి నా మొహం చూసి నాలిక్కరుచుకున్నాడు. ఆ పూట టీ ఆయనే తెచ్చిచ్చాడు, పాపం.

సరే, ఆ పొద్దున ఇంకా తాత రాలేదు, తోటి కుట్టుపనివాళ్ళూ రాలేదు. నేను మెషినుకి నూనె వేస్తున్నాను. తలుపు దగ్గర అడుగుల చప్పుడైంది. చూడకుండానే తెలుసు, అక్క నడక. డ్యూటీ దిగి వచ్చింది. కళ్ళ కింద నల్లగా ఉంది, టోపీ పిన్ను ఒకటి ఊడి వేలాడుతోంది.

“చిట్టీ” అంది.

“ఎవరు కావాలండీ?” అన్నాను. “ఇక్కడ మీ ఇంటివాళ్ళెవరూ లేరు.”

అక్క ఆ దెబ్బ తిని నిలబడింది. సంచిలోంచి ఒక కాగితం తీసి నా బల్ల మీద పెట్టింది. సూపరింటెండెంటు ఆఫీసు మెమో. నేను దాన్ని గుర్తుపట్టాను. గుర్తుపట్టనా, దానికి మూలం నేనే కదా.

సంగతేమిటంటే, నాలుగు నెలల్లో పసిపిల్లల వార్డుకి వెళ్ళిన పొత్తిగుడ్డల్లో నలభై ఒకటి తిరిగి రాలేదు. దుప్పట్లు చిరిగితే చిరిగిన దుప్పటే వస్తుంది, దిండుగలీబు మాడితే మాడిన గలీబే వస్తుంది. ఇవి మాత్రం వెళ్ళినవి వెళ్ళినట్టే. అందులోనూ అన్నీ చిన్నవే. ముద్దుగా ఉన్నాయని ఆయాలు ఇళ్ళకి ఎత్తుకుపోతున్నారనుకున్నాను. నా చేతిపని అంత బాగుందా అని లోపల కాస్త గర్వపడ్డాను కూడా. మళ్ళీ ఒళ్ళు మండింది. రాసి ఇచ్చాను: ‘వార్డు సిబ్బంది చేతివాటం వల్ల గుడ్డలు పోతున్నాయి, విచారించవలెను’ అని. మూడు వారాల కిందట. ఆఫీసువాళ్ళు అక్కకి మెమో పంపి, లెక్క తేలేదాకా చిన్న సైజు గుడ్డలు ఇవ్వకూడదని ఆర్డరు వేశారు. కుట్టినవన్నీ తాత బీరువాలో పెట్టి తాళం వేశాడు.

“ఇందుకా?” అన్నాను. “నీ వార్డు మీద రాశానని కమిటీలో నా నెత్తిన రాయి వేశావా?”

“నోరుమూసుకుని ఒక గుడ్డ ఇవ్వవే. చిన్నది.”

“తాళం తాత దగ్గరుంది. తొమ్మిదింటికి వస్తాడు. అయినా ఎందుకివ్వాలి? ముందు ఆ నలభై ఒకటీ ఏమయ్యాయో చెప్పు.”

అక్క స్టూలు లాక్కుని కూర్చుంది. కూర్చోవడం కాదు, కూలబడింది. అవతల ఆవిరి యంత్రం ఒకసారి తిరిగి ఆగింది.

“గుడ్డలు నలభై ఒకటే” అంది. “పిల్లలు నలభై ఇద్దరు.”

నాకు అర్థం కాలేదు.

“అందులో ఇద్దరు కవలలే. ఒక్కదాన్లోనే చుట్టమంది వాళ్ళమ్మ. విడదీయొద్దంది.”

అప్పటికీ నా మట్టిబుర్రకి ఎక్కలేదు. చేతిలో నూనె డబ్బా అలాగే ఉంది. తర్వాత ఎక్కింది. అది ఎక్కిన క్షణం గురించి ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలీదు. మూరకి మూర గుడ్డ. ఏడో నెలలో పుట్టినవాళ్ళకి, ఆరో నెల నిండకుండా వచ్చేసినవాళ్ళకి సరిపోయే గుడ్డ. వాటిని పట్టుకుని నేను పాటలు పాడుకుంటూ కుట్టానే!

“పోయిన బిడ్డని ఉత్తగా వాళ్ళ చేతుల్లో పెట్టి ఎలా పంపిస్తానే?” అంది అక్క. “మెత్తటి గుడ్డలో చుట్టి, ఆ ఎర్ర గీత పైకి కనిపించేలా మడిచి ఇస్తాను. ఒకావిడ ఆ చుక్కలు తడుముతూ, ఇదెవరు కుట్టారండీ అనడిగింది. మా చెల్లెలు అని చెప్పాను.”

“మెమోకి ఇదే రాసి ఇవ్వొచ్చుగా!”

“ఏం రాయమంటావ్? ఆ ఫారంలో రెండే గళ్ళున్నాయి. చిరిగినవి, పారేసుకున్నవి. ఇది ఏ గడిలో రాయను?”

“నాకైనా చెప్పొచ్చుగా అక్కా.”

“చెబితే కుట్టేదానివా?”

సిగ్గుతో తలెత్తలేకపోయాను. చేతివాటం అని రాశాను. అదే చేత్తో, గుండ్రటి అక్షరాలతో రాశాను.

“ఈ మూడు వారాల్లో తొమ్మిదిమంది” అంది. “గాజుగుడ్డలో చుట్టి ఇచ్చాను. పుండుకి కట్టే గుడ్డలో. పొద్దున ఆరింటికి ఇంకొకడు పోయాడు. వాళ్ళ నాన్న కింద బెంచీ మీద కూర్చున్నాడు. ఇతనికి మాత్రం గాజుగుడ్డలో ఇవ్వలేనే, నా వల్ల కాదు. అందుకొచ్చాను.”

మీరు అనుకోవచ్చు, అప్పుడు నేను అక్కని కౌగిలించుకుని ఏడ్చానని. లేదు. నేను అంత మంచిదాన్ని కాదు. నాలో సిగ్గు ఉంది, దాని పక్కనే నిన్నటి మంటా ఉంది. రెండూ కలిసి మాట వచ్చింది.

“మరి నేనేం చేశాను? ఆ పిల్లలు పోతే నా పిల్లల్ని ఎందుకు ఆపుతావ్? కాసులున్నవాళ్ళు ఎక్కడికో వెళ్ళి కొనుక్కుంటారు. మా లాంటివాళ్ళకి ఉన్నది ఆ ఒక్క లిస్టు. అది కూడా తీసేయమంటావా? నీకొక కూతురుంది. కడుపు నిండినదానికి ఆకలి కబుర్లేం తెలుస్తాయి?”

“తెలీదు” అంది అక్క. “నిజమే. నీ ఆకలి నాకు తెలీదు. నాకు తెలిసింది ఒక్కటే. నెలలు నిండనివాళ్ళని వెచ్చగా ఉంచే బాక్సులు ఆరు, పిల్లలు పదిహేడుమంది. ఒక్కో బాక్సులో ముగ్గుర్ని పడుకోబెడుతున్నాను. ఒకడికి సోకిన జ్వరం మిగతా ఇద్దరికీ అంటుకుంటోంది. పుట్టినవాణ్ణి బతికించలేని ఆసుపత్రి పుట్టనివాణ్ణి తెచ్చిస్తానంటే ఎలా ఊరుకోమంటావ్?”

“రెండూ అడగాలి! రెండూ కావాలని అడగాలి గానీ, నా నోటి దగ్గర ముద్ద లాక్కుని ఇంకొకళ్ళకి పెట్టమంటారా ఎవరైనా?”

“అడిగానే!” అక్క గొంతు మొదటిసారి లేచింది. “ముందటేడు రెండూ అడిగాను. పోయినేడు రెండూ అడిగాను. ఉన్నది ఒకదానికే సరిపోతుంది, ఏది కావాలో మీరే చెప్పండి సిస్టర్ అన్నారు. నన్ను తేల్చమన్నారు చిట్టీ. పదకొండేళ్ళప్పటినుంచి నిన్ను చంకనేసుకు తిరిగినదాన్ని, నన్ను తేల్చమన్నారు.”

అని ఏడ్చింది. అక్క ఏడవడం నేను అమ్మ పోయినప్పుడు కూడా చూడలేదు. అప్పుడు వంట చేస్తూ ఉంది, ఇంటినిండా మనుషులున్నారని. ఇప్పుడు నా గుడ్డల గదిలో, ఊడిన టోపీ పిన్నుతో, వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ ఆగలేదు. ఎవరి ఏడుపు వాళ్ళం ఏడ్చుకున్నాం, ఆమె స్టూలు మీద, నేను మెషిను దగ్గర.

కింద బెంచీ మీద ఒక తండ్రి కూర్చుని ఉన్నాడని గుర్తొచ్చింది. తాత రావడానికి ఇంకా గంట పైనే ఉంది. కొత్తది కత్తిరించి కుడదామంటే తానులన్నీ ఆ బీరువాలోనే ఉన్నాయి.

సొరుగు తెరిచాను.

ఆ గుడ్డని బల్ల మీద పరిచాను. మడతలు పడిపోయి ఉంది. ఇస్త్రీ పెట్టె వేడెక్కేదాకా ఆగి, నాలుగు వైపులా రుద్దాను. మూల ఎర్ర గీత, రెండు చుక్కలు. నా కూతురికో కొడుక్కో అనుకున్నది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి, పని అలవాటు అలాంటిది. నాలుగు మడతలు వేసి అక్క ఒళ్ళో పెట్టాను.

“తీసుకెళ్ళు. పాపం ఆయన ఎదురుచూస్తుంటాడు. నాకు ఇంకా ఎనిమిది నెలలుంది. నంబరు వచ్చేలోగా ఇంకోటి కుట్టుకుంటాను.”

అక్క ఆ గుడ్డ అంచు తిప్పి చూసింది. చేతికుట్టు చూసింది. అది ఎవరికోసమో ఆమెకీ అర్థమైపోయింది. ముట్టుకోకూడనిదేదో ముట్టుకున్నట్టు చేతులు వెనక్కి తీసుకుంది.

“ఇది నేను తీసుకోలేనే” అంది.

“ఎందుకు?”

“నీకు తెలియకుండా తీసుకోలేను.”

“ఏం తెలియకుండా?”

అక్క సంచిలో మళ్ళీ చెయ్యి పెట్టింది. ఇంకో కాగితం ఉంది. పెట్టిన చెయ్యి అలాగే ఉంచి నన్నే చూసింది, నిన్న హాల్లో చూసిన చూపే. అప్పుడు గుర్తొచ్చింది నాకు. నిన్న “లేరండీ” అన్నప్పుడు అక్క గోడకేసి చూడలేదు. సూటిగా నా కళ్ళలోకే చూసింది.

“మొన్న కమిటీకి ముందే రాసిద్దామనుకున్నాను” అంది. “నా చెల్లెలు లిస్టులో ఉంది, అయినా నేను ఈ మాట చెబుతున్నాను, అని. నీ నంబరు కోసం ఆ వైద్యం చేసే విభాగానికి వెళ్ళాను. ముప్ఫై ఏడు మీద ఇంకెవరో ఉన్నారు. నీ పేరు కొట్టేసి ఉంది.”

“నలభై నిండాయని పొరపడి ఉంటారు.”

“పొరపాటు కాదు. వద్దని రాసిచ్చారు. చేర్చడానికి ఇద్దరి సంతకాలు కావాలి, తీసెయ్యడానికి ఒకరిది చాలట. చిట్టీ, నిన్న నువ్వు లేచి వెళ్ళిపోయాక నేనింకో మాట అడిగాను. డబ్బు ఆపినా సరే, ఇప్పటికే లిస్టులో ఉన్నవాళ్ళకి మాత్రం చేసి తీరాలని. ఒప్పుకున్నారు. రేపు సాయంత్రం ఐదింటికి లిస్టు మూసేస్తారు. ఆ తర్వాత కొత్త పేరు ఎక్కదు.”

కాగితం నా చేతిలో పెట్టింది. నకలు. పైన నా పేరు, నా నంబరు. మధ్యలో అచ్చు అక్షరాల్లో ‘మా ఇష్టప్రకారం విరమించుకుంటున్నాము’. అడుగున కుడిపక్కన సంతకం.

ఒక అడ్డగీత. దాని కింద రెండు చుక్కలు.

తేదీ చూశాను. పోయిన నెల పద్నాలుగు. కమిటీ వస్తోందని ఆసుపత్రి బోర్డులన్నీ కొత్తగా రాయించారు, ఆ పని మా ఆయనకే వచ్చింది. పద్నాలుగున ఆయన రాసింది పిల్లలు లేనివాళ్ళకి వైద్యం చేసే ఆ విభాగం బోర్డు. ఆ రోజు క్యారేజీ ముట్టుకోకుండా తెచ్చాడు. రంగు వాసన పడలేదన్నాడు. ఇరవై ఏళ్ళుగా రంగుల్లో బతుకుతున్న మనిషికి వాసన పడకపోవడమేమిటని నవ్వాను కూడా.

“ఎందుకు?” అన్నాను. “ఎందుకు చేశాడక్కా?”

అక్క గోడకేసి చూసింది.

అంటే తెలుసు. తెలిసి చెప్పలేకపోతోంది. గుడ్డని గుండెకి హత్తుకుని లేచి, గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, “నీ మొగుణ్ణే అడుగు” అని వెళ్ళిపోయింది.

నేను గది తాళం వెయ్యడం కూడా మరిచిపోయాను. లాండ్రీ దాటి, వరండా దాటి బయటికి వచ్చాను. ఆయన ఓపీ గేటు దగ్గర, మిగిలిపోయిన ఆఖరి బోర్డు రాస్తూ నిచ్చెన మీద ఉన్నాడు. రాయడం అయిపోయింది, బోర్డు అడుగున గీత లాగుతున్నాడు. నేను కింద నిలబడ్డాను. నన్ను చూశాడు. నా చేతిలో కాగితం చూశాడు. అదేమిటని అడగలేదు.

చుక్కలు పెట్టకుండానే నిచ్చెన దిగాడు. కుంచె డబ్బాలో పెట్టి, చేతులు తుడుచుకుని, తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకున్నాడు.

“మీ అక్క కాగితం ఒక్కటే ఇచ్చిందా?” అన్నాడు. “ఆ విభాగం డాక్టరమ్మ నాతో అన్న మాట కూడా చెప్పేసిందా?”